ముసలమ్మ మూడో పెట్టె

రైలు రావడం చూడాలంటే ప్లాట్‌ఫాం కొసన నిలబడి చూడాలి. ముందు పట్టాలు సన్నగా పాడతాయి. ఆ తరవాత చెప్పుల కింద నేల వణుకుతుంది. మలుపు దగ్గర ఒక దీపం కనబడుతుంది. ఆ కాస్త దీపం వెనక అన్నేసి పెట్టెల ఇనుము వస్తోందంటే ఇంకా నమ్మబుద్ధి కాదు. నమ్మేలోపే వచ్చేస్తుంది. గాలి చెంప మీద కొట్టినట్టు తగులుతుంది, కాలిన ఇనుము వాసన ముక్కు పుటాలదరగొడుతుంది, పక్కవాడి మాట వినబడదు, నిలబడ్డవాళ్ళంతా తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. అంత బరువూ అంత ఉధృతీ చివరికి ఒక మనిషి గుప్పిట్లోని ఇత్తడి పిడికి లొంగి, బుస్సుమని ఊపిరి వదిలి, తలుపులు మన ముక్కుకెదురుగా వచ్చేట్టు ఆగిపోతుంది. దీన్ని రోజూ చూస్తూ ఆవలించేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను చూస్తే జాలేస్తుంది.

సూదక్క ఆవలించే రకం కాదు. పెళ్ళయి కాపురానికి వచ్చిన ఏడాది నుంచి నెత్తిన సగం వెంట్రుకలు నెరిసేదాకా అదే రైలెక్కినా, అది మలుపు తిరిగి వస్తుంటే ప్రతిసారీ సంచిని గుండెకు హత్తుకుని నోరు కొంచెం తెరుచుకుని నిలబడేది.

సూదక్క అన్నది రైల్లో పెట్టిన పేరు. పక్క నగరంలోని పెద్దాసుపత్రిలో, బట్టల గదిలో ఆమె ఉద్యోగం. ఆ గది నేలమాళిగలో ఉంది. ఒక గోడ వెంట ఉతికిన దుప్పట్ల దొంతరలు కప్పు దాకా ఉంటాయి, ఇంకో గోడ వెంట చిరిగినవాటి గుట్ట, మధ్యలో కుట్టుమిషను, నెత్తి మీద ఆవిరి గొట్టం. ఆ గొట్టం పుణ్యమా అని చలికాలంలో ఆ గదిని మించిన సుఖం ఆసుపత్రి మొత్తంలో లేదు. వేసవిలో దాన్ని మించిన నరకమూ లేదు. చిరిగిన దుప్పట్లకు మాట్లు వేయడం, రోగుల చొక్కాలకు ఊడిన నాడాలు కుట్టడం ఆమె పని. మిషను మీద అయ్యేవి అక్కడే పూర్తిచేసేది. చేత్తో కుట్టాల్సినవి, ముఖ్యంగా పసిపిల్లల వార్డు చొక్కాలు, సంచిలో వేసుకుని రైల్లో కుట్టేది. ముందు నుంచి మూడో పెట్టెలో, మధ్య తలుపు పక్కన, కిటికీ సీటు ఆమెది. ఎక్కగానే కళ్ళద్దాలు, సూది, దారం బయటికి వచ్చేవి. పరుగెత్తే రైల్లో నిమ్మళంగా కుట్టుకుపోయే ఆ మనిషిని చూసి పెట్టెలో జనం మొదట నవ్వుకున్నారు, తరవాత ఆశ్చర్యపోయారు, ఆ తరవాత సూదక్క అని పేరు పెట్టి తమలో కలిపేసుకున్నారు.

రైలుకు పేరు పెట్టింది కూడా జనమే. ముసలమ్మ. ఆ రెండు నగరాల మధ్య పొద్దున్న పనుల్లోకి మోసుకెళ్ళి సాయంత్రం ఇళ్ళకు మోసుకొచ్చే రైళ్ళన్నిటిలోకీ పాతది. రంగు మీద రంగు పూసి పూసి దాని ఒళ్ళు దళసరెక్కింది. చెక్క బద్దల సీట్లు తరాల తరబడి జనం కూర్చోగా నున్నబడి, మనిషి మనిషికీ ఒక గుంట పడ్డాయి. తోలుపట్టీ పట్టుకుని లాగితే కిటికీ దిగుతుంది. మళ్ళీ ఎక్కడం, ఎక్కకపోవడం దాని ఇష్టం. వాన పడితే ఒక మూల కారుతుంది, ఆ మూలను పాతవాళ్ళు మర్యాదగా కొత్తవాళ్ళకు వదిలేసేవాళ్ళు. బయల్దేరేటప్పుడు నేల కింద మోటార్లు బొంగురు గొంతుతో రాగం ఎత్తుకుని, వేగం పెరిగేకొద్దీ పై స్థాయికి వెళ్ళి, అక్కడ నిలబడిపోయేవి. ఆ రాగానికి అరికాళ్ళలో పుట్టిన వణుకు వెన్నుపూస దాకా పాకేది. ఇన్నేళ్ళ ముసలిది ఇంతమందిని మోసుకుని ఇంత వేగంగా ఎలా పరిగెత్తుతోందని సూదక్కకు ఎప్పుడూ విస్మయమే.

దాన్ని నడిపేది ఆమె మొగుడు.

ఆయన్ని తోటి డ్రైవర్లు ముని అనేవాళ్ళు. ఉలకడు, పలకడు, బెల్లం కొట్టిన రాయి. పెళ్ళిచూపుల్లో ఒక్క మాటా మాట్లాడకపోతే పెద్దవాళ్ళు అణకువ అనుకున్నారు. పెళ్ళయ్యాక తెలిసింది అది అణకువ కాదు, అంతే అని. అన్నం పెడితే తినేవాడు, బాగుందని గానీ బాలేదని గానీ అనేవాడు కాదు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నాలుగుసార్లు తిరిగితే, ఏదైనా పోగొట్టుకున్నావా అన్నట్టు నేల వంక చూసేవాడు. "నోరు తెరిస్తే ముత్యాలేమైనా రాలిపోతాయా?" అని ఆమె విసుక్కుంటే దానికీ సమాధానం ఉండేది కాదు. కూతురు పుట్టి, పెరిగి, మాటలు నేర్చి, "అమ్మా, నాన్నకి మాటలు రావా?" అని అడిగింది. చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. కానీ ఒక ఆడదానికి ఆ మాత్రం సరిపోతుందా అంటే, సరిపోదు.

అయితే ఇంట్లో మూగవాడైన ఆ మనిషి బండెక్కితే మాట్లాడతాడని సూదక్క ఎప్పుడో కనిపెట్టింది.

కాపురం కొత్తలో ఒకరోజు పొద్దున్న గొడవైంది. ముందు రోజు ఆయన తన అక్కయ్యను, పిల్లలతో సహా, భోజనానికి రమ్మని పిలిచి ఇంట్లో మాట మాత్రం చెప్పలేదు. వాళ్ళు గుమ్మంలోకి వచ్చాక గానీ సూదక్కకు తెలియలేదు. మర్నాడు పొద్దున్న ఆమె దులిపేసింది. ఆయన చెంబులో నీళ్ళు తాగి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ పొద్దున్న మొదటి స్టేషనులో బ్రేకు ఎంత కటువుగా పడిందంటే సూది వెళ్ళి బొటనవేల్లో దిగింది. రెండో స్టేషనులోనూ అంతే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం ముసలమ్మ ప్రతి స్టేషనులోనూ నిద్రపోయిన పసిబిడ్డను పక్క మీద దించినట్టు దిగింది. సూదక్క కుట్టడం ఆపి తలెత్తి చూసింది. ఆ రోజుకు కాకతాళీయం అనుకుంది. తరవాత మరో గొడవ, మళ్ళీ అదే వరస. పొద్దున్న కటువు, సాయంత్రం మెత్తన. అప్పుడు అర్థమైంది. నోటితో చెప్పకపోతే పోయె, బ్రేకుతో చెబుతున్నాడు.

అక్కణ్ణించి ఆమె ఆ భాష నేర్చుకుంది. కూతురు పరీక్ష పాసైన రోజున బండి కుర్రాడిలా దూసుకొచ్చి చివరి క్షణంలో గమ్మున ఆగింది. ఆయనకు ఒంట్లో బాగాలేని రోజున పట్టి పట్టి, వదిలి వదిలి ఆగింది. దూరపు ఎక్స్‌ప్రెస్సులు నడపమని పైవాళ్ళు పిలిచి మరీ అడిగితే ఆయన వద్దన్నాడు. అప్పుడు మాత్రం ఆమె వారం రోజులు మాట్లాడలేదు. ఎదుగూ బొదుగూ లేని మనిషిని కట్టుకున్నానని ఏడ్చింది. ఎందుకొద్దన్నాడో ఆయన చెప్పలేదు, బండి కూడా చెప్పలేదు.

తన తల్లి పోయినప్పుడు కర్మకాండలన్నీ అయిపోయి మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు సూదక్కకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఇంట్లో ఆయన ఓదార్పుగా ఒక్క ముక్క అనలేదు. భుజం మీద చెయ్యి వెయ్యాలని వచ్చి, వెయ్యలేక, గోడకున్న క్యాలెండరు సరిచేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు ముసలమ్మ ప్రతి స్టేషనుకూ చాలా దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ, అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చి ఆగింది. ఆలస్యమైందని జనం విసుక్కున్నారు. సూదక్క కిటికీ వైపు తిరిగి కూర్చుని కడుపారా ఏడ్చింది. వందల మందితో, కొండంత ఇనుముతో, ఒక మనిషి తనకు నేనున్నానని చెబుతున్నాడు. రాజులు కోటలు కట్టి చెప్పుకున్నారట. ఆమెకు ఆ కోటలు చిన్నవిగా తోచాయి.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పక్క సీట్లో కూర్చునే లెక్కల టీచరుకు కూడా చెప్పలేదు, ఆవిడకు తన ఇంటి గుట్టంతా చెప్పేది. ఆయన్నీ అడగలేదు. అడిగితే ఎక్కడ కాదంటాడోనని భయం.

అలా ఉండగా కొత్త రైళ్ళు వస్తున్నాయన్నారు. ముసలమ్మను తీసేస్తారన్నారు. ఏళ్ళ తరబడి అంటున్నదే కదా అని ఎవరూ చెవిన పెట్టలేదు. ఒకరోజు పొద్దున్న చెప్పాపెట్టకుండా, జనానికి చూపించడానికి, కొత్త రైలును తెచ్చి ప్లాట్‌ఫాం మీద పెట్టారు. తెల్లగా, పొడుగ్గా, మూతి మొన తేలి ఉంది. చప్పుడు లేదు. నేల వణకలేదు. వచ్చిందన్న సంగతి వచ్చాక తెలిసింది. బాగుంది, కాదనడానికి లేదు. అయితే ఆ రోజు ప్లాట్‌ఫాం మీద జరిగింది చూసి తీరాలి. ముసలమ్మ తలుపులు ఎక్కడెక్కడ ఆగుతాయో జనానికి కాళ్ళలో ఇంకిపోయింది. గుంపులు గుంపులుగా, గుంపుకూ గుంపుకూ మధ్య ఖాళీ వదిలి, ఎవరి చోట వాళ్ళు నిలబడతారు, అక్కడ నేలమీది రాళ్ళు కూడా అరిగి ఉంటాయి. కొత్త రైలు తలుపులు ఆ ఖాళీల్లో వచ్చి ఆగాయి. ఊరు ఊరంతా మూసి ఉన్న గాజు కిటికీల ముందు సంచులు పట్టుకుని నిలబడిపోయింది. తెరుచుకున్న తలుపుల దగ్గర ఒక్క పురుగు లేదు. "తలుపు తియ్యరేంటయ్యా?" అని ఒక పెద్దాయన అద్దం మీద టకటకా కొట్టాడు. లోపల్నుంచి రైలు అధికారి అటు పక్కకు చెయ్యి చూపిస్తున్నాడు. ఎవరూ కదలరు. అందరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వులోనే కొందరికి కళ్ళు చెమర్చాయి.

సూదక్క ఆ రైలెక్కింది. ముందు గదిలో, కొత్త బండి నడపడం నేర్పేవాడి పక్కన తన మొగుడు కూర్చున్నాడని ఆమెకు తెలుసు. సూది తీసి పట్టుకుంది. రైలు బయల్దేరింది, స్టేషనులో ఆగింది, బయల్దేరింది, ఆగింది. అన్ని స్టేషన్లలోనూ ఒకే తీరు. మెత్తన కాదు, కటువు కాదు. ఏ మనిషీ ఆపినట్టు లేదు. దిగాక ముందుకు వెళ్ళి చూస్తే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ, పెళ్ళిచూపుల నాటి మొహంతో కూర్చుని ఉన్నాడు. ఈ బండి తనంతట తనే ఆగుతుందని నేర్పేవాడు గర్వంగా ఎవరికో చెబుతున్నాడు. సూదక్క ఆయన ఒళ్ళోని చేతుల వంకే చూసింది. ముసలమ్మ పోయాక ఈయన నాతో దేంతో మాట్లాడతాడు?

ఆ రాత్రి అన్నం దగ్గర, ఇన్నేళ్ళుగా అడగనిది అడిగేసింది.

"ఏమండీ, స్టేషనులో బ్రేకు వేసేటప్పుడు ఏమనుకుంటారు?"

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు.

"ఏమనుకుంటాను? ఆగాలనుకుంటాను."

అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సూదక్క నీరుగారిపోయింది. అంతేనా? ఇన్నేళ్ళూ తను విన్నదంతా ఏమిటి? తడి పట్టాలూ, జనం బరువూ, ఎదురుగాలీనా? తన పాటికి తను కథ అల్లుకుని, ఆ కథతో కాపురం చేసిందా? కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ముసలమ్మ పోతుందన్న దిగులు పోయి దాని చోటులో ఈ దిగులు వచ్చి కూర్చుంది. ముసలమ్మ ఉండగానే ఇది తేలాలి. పోయాక తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ముసలమ్మ ఆఖరి ట్రిప్పు ఒక సాయంత్రానికి ఖాయమైంది. దాన్ని మునికే ఇచ్చారు. ఆ పొద్దున్న ఆయన బూట్లు వేసుకుంటుంటే సూదక్క గుమ్మంలో నిలబడి, "సాయంత్రం నేను మూడో పెట్టెలోనే ఉంటాను" అంది. పెళ్ళయ్యాక ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆయన మనసులో నిజంగా ఏమైనా ఉంటే ఇవాళ బండి చెబుతుంది. ఇవాళ కూడా చెప్పకపోతే ఎప్పుడూ చెప్పనట్టే. ఆమె అలా తీర్మానించుకుంది.

కానీ పని చేసేచోట మన తీర్మానాలు ఎవరికి పట్టాయి? సరిగ్గా బయల్దేరబోతుంటే పిల్లల వార్డు నుంచి నర్సు పరుగున వచ్చింది, చొక్కాలు తక్కువయ్యాయని. కాదనలేక కట్టలు విప్పి, ఏరి, లెక్క అప్పజెప్పి బయటపడేసరికి పొద్దు వాలింది. సూదక్క ఆ వయసులో రోడ్డు మీద పరుగెత్తింది. స్టేషను మెట్లు ఎక్కేసరికి గార్డు ఈల వేస్తున్నాడు. మూడో పెట్టె ఎక్కడో ముందు, జనంలో, కనబడనంత దూరంలో ఉంది. ఎదురుగా ఉన్నది ఆఖరి పెట్టె. ఎవరో చెయ్యి అందించి లాగారు. ముసలమ్మ బొంగురు గొంతుతో ఆఖరిసారి రాగం ఎత్తుకుంది.

తరవాతి స్టేషనులో దిగి ముందుకు పరుగెత్తుదామనుకుంది. అంతలో ఆ స్టేషను రానే వచ్చింది. బ్రేకు పడింది. పడడం కాదు, వెనక నుంచి ఎవరో తోసినట్టు పెట్టె మొత్తం ముందుకు విరుచుకుపడింది. సూదక్క వెళ్ళి ఎదుటి సీటు చెక్కకు గుద్దుకుంది. మోకాలు చిప్ప అదిరింది. లేచి నిలబడేలోపు బండి కదిలింది.

"కొత్తా? కమ్మీ పట్టుకోవాలమ్మా," అన్నాడు పక్కన ఒక ముసలాయన, కమ్మీని రెండు చేతులా కావలించుకుని. "ఈ డ్రైవరు ఎప్పుడూ ఇంతే. మొరటు మనిషి. మేం కుదుపుల రాజా అంటాం."

"ఇవాళ మరీ ఎక్కువగా ఉంది," అంది ఒకావిడ. "ఆఖరి రోజని కసి తీర్చుకుంటున్నాడు."

సూదక్కకు తల కొట్టేసినట్టయింది. మా ఆయనండీ అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. రెండో స్టేషనులో ఇంకో కుదుపు. మూడో దాంట్లో ఇంకోటి. ప్రతి కుదుపుకూ ఆమె లోపల ఏదో ఒకటి ఊడి పడుతోంది. అర్థమైపోయింది. ఆయన మొరటుగానే ఆపుతాడు. మెత్తన ఆయనది కాదు, మూడో పెట్టెది. దాని చక్రాల మీది స్ప్రింగు కమానులు మంచివి, అంతే. కమానుల మంచితనాన్ని మొగుడి ప్రేమనుకుని ఇన్నేళ్ళు మురిసిపోయింది. ఇంతకన్నా పిచ్చిది ఇంకెవరైనా ఉంటారా? సంచి ఒళ్ళో పెట్టుకుని, సూది బయటికి తియ్యకుండా, కళ్ళు నేలకు దించుకుని కూర్చుంది.

ఆఖరి పెట్టెకు ఆనుకునే గార్డు గది. మధ్యలో సగం తలుపు. ఆ తలుపు మీదుగా గార్డు తల బయటపెట్టి చూశాడు. ఏళ్ళుగా ముసలమ్మకు ఆయనే గార్డు. సూదక్కను చెల్లెమ్మా అని, ఆ వరసన మునిని బావా అని పిలుస్తాడు.

"చెల్లెమ్మా! నువ్విక్కడేంటి?" ఆయన మొహంలో రంగు మారింది. "మూడో పెట్టెలో లేవా?"

"ఆలస్యమైంది అన్నయ్యా. దొరికిందే చాలని ఎక్కేశాను."

గార్డు ఒకసారి ముందుకు, డ్రైవరు గది వైపు, చూశాడు. ఒకసారి ఆమె వంక చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"అయితే ఇవాళ ఆయన చేస్తున్నదంతా గంగపాలేనన్నమాట."

"ఏం చేస్తున్నాడు? కుదిపి చంపుతున్నాడు," అంది సూదక్క.

"నీకు తెలీదా? నిజంగా తెలీదా?" గార్డు సగం తలుపు మీద మోచేతులు ఆనించాడు. "పాత బండి కదమ్మా. పెట్టెకీ పెట్టెకీ మధ్య కొక్కేలు అరిగిపోయి ఖాళీ వచ్చేసింది. బ్రేకు గాలి ముందు పెట్టెలకి ముందు అందుతుంది, వెనకవాటికి వెనక. ఎలా ఆపినా ఎక్కడో ఓ చోట కుదుపు తప్పదు. మిగతా డ్రైవర్లు దాన్ని అందరికీ తలా కాస్త పంచుతారు. మీ ఆయన పంచడు. మూడో పెట్టె కదలకుండా ఆగాలి, అదొక్కటే ఆయన లెక్క. ముందే కొంచెం పట్టి, వదిలి, మళ్ళీ పట్టి, దాన్ని అరచేతిలో పెట్టుకుని దించుతాడు. మిగిలిన కుదుపంతా పోగుపడి ఇదిగో, ఇక్కడికొచ్చి నా నడుము మీద పడుతుంది." గదిలోని తన సీటు చూపించాడు. దాని మీద మూడు దిండ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. "మీ కాపురానికి నా వెన్నుపూస బలి."

సూదక్క ఆ దిండ్ల వంక చూసింది.

"మొదట్లో పోట్లాడాను. ఏం బావా, మూడో పెట్టెలో గాజు సామానేమైనా వేశారా అన్నాను. ఎప్పట్లాగే బెల్లం కొట్టిన రాయి. బండి శుభ్రం చేసి, తాళాలు అప్పజెప్పి, సైకిలెక్కబోతూ అప్పుడు చెప్పాడు. 'సూది పట్టుకున్న మనిషుంది' అన్నాడు. అంతే. ఆ తరవాత నేను మళ్ళీ అడగలేదు, దిండ్లు తెచ్చుకున్నాను." గార్డు నవ్వాడు. "ఎప్పుడైనా ఓ రోజు అందరు డ్రైవర్లలాగే ఆపేవాడు. ఆ రోజు వెనక పెట్టెలో మాకు హాయి. ఓహో, ఇవాళ ఇంట్లో చెల్లెమ్మతో గొడవైందన్నమాట అనుకుని, గొడవ ఇంకో రోజు ఉంటే బాగుండుననుకునేవాణ్ణి. సాయంత్రానికే రాజీ పడిపోయేవారు!"

తరవాతి స్టేషను వచ్చింది. కుదుపు వచ్చింది. ముసలాయన కమ్మీని కావలించుకున్నాడు, ఆవిడ డ్రైవరును తిట్టింది, గార్డు దిండ్ల మీద ఎగిరిపడ్డాడు. సూదక్క దేన్నీ పట్టుకోలేదు. ఆ కుదుపును ఒంటి మీదుగా పోనిచ్చింది. ఇది తన కోసం. ఇన్నేళ్ళూ, రోజూ, స్టేషను స్టేషనుకూ, ఇంతమంది ఒళ్ళు హూనం చేసి, ఇంత ఇనుమును లాగి పట్టి, ఆ నోరులేని మనిషి తన వేలికి సూది గుచ్చుకోకుండా చూశాడు. బయట చీకటి పడుతోంది. ఎదురు రైలు ఒకటి వెలుగు గోడలా మీదికొచ్చి, అరిచి, వెళ్ళిపోయింది. ఆ అదురుకు పెట్టెలో చెక్క చెక్కా మోగింది. సూదక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియకుండా కూర్చుండిపోయింది.

సొంత ఊరి స్టేషనులో జనం విరగబడ్డారు. ఫొటోలు, కేకలు, చప్పట్లు. సూదక్క ఆఖరి పెట్టె దిగి ముందుకు నడుస్తుంటే లెక్కల టీచరు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమైపోయావ్ సూదక్కా? ఇవాళ ఎలా ఆపాడో చూడాల్సింది! నీళ్ళ సీసా మూత తీసి సీటు మీద పెట్టాం. అన్ని స్టేషన్లలో ఒక్క చుక్క తొణకలేదు. పెట్టె పెట్టంతా నోరెళ్ళబెట్టింది. నీ సీటు అలాగే ఖాళీగా అట్టేపెట్టాం."

సూదక్క ఏదో అని, చెయ్యి విడిపించుకుని, జనాన్ని తోసుకుంటూ బండి ముందు కొస దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళలో ముసలమ్మ ముందుకు ఎప్పుడూ రాలేదు. డ్రైవరు గది తలుపు ఎత్తులో ఉంది. ఆయన లోపల గుడ్డతో బ్రేకు పిడి తుడుస్తున్నాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమెను చూసి గుడ్డ పక్కన పెట్టాడు. ఏదో అడగబోతున్నట్టు చూశాడు.

"నేను ఆఖరి పెట్టెలో వచ్చాను," అంది సూదక్క.

ఆయన మొహం పాలిపోయింది. రెండు అంగల్లో గుమ్మంలోకి వచ్చాడు.

"ఆఖరి పెట్టెలోనా? అయ్యో. దెబ్బ తగిలిందా?"

"మోకాలు."

"మూడో పెట్టెలో ఉంటానన్నావు కదా," అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు. "నువ్వున్నావనుకున్నాను. అన్ని స్టేషన్లలోనూ ఉన్నావనుకున్నాను."

ఆయన ఇన్ని మాటలు వరసగా అనడం సూదక్క ఎప్పుడూ వినలేదు. ఆయన జనం వంక చూశాడు, పట్టాల వంక చూశాడు, కొంచెం దూరంలో దీపాలు వెలుగుతున్న యార్డు వంక చూశాడు. ఖాళీ బండిని అక్కడిదాకా తీసుకెళ్ళి వదిలిపెట్టి రావాలి. అంతటితో దాని పని అయిపోతుంది.

"వెళ్ళి కూర్చో," అన్నాడు.

"ఎక్కడ?"

"నీ చోట్లో."

యార్డుకు వెళ్ళే బండిలో జనం ఉండకూడదు. గార్డు పెట్టె పెట్టెకూ తలుపులు మూసుకుంటూ వచ్చి, మూడో పెట్టెలో సూదక్కను చూసి, "నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు ఈమధ్య" అనుకుంటూ ఆ తలుపూ వేసి వెళ్ళిపోయాడు.

ఖాళీ పెట్టెలో ఆమె ఒక్కతే. ముసలమ్మ కదిలింది. మోటార్లు మెల్లగా ఎత్తుకున్నాయి, పై స్థాయికి వెళ్ళలేదు, అక్కడే సన్నగా పాడుకుంటూ పోయాయి. ప్లాట్‌ఫాం దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోయి చీకటి వచ్చింది. సూదక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. సంచిలోంచి పసిపిల్లల చొక్కా తీసి, సూదిలో దారం ఎక్కించి, నాడా కుట్టడం మొదలుపెట్టింది. ఒక కుట్టు, ఇంకో కుట్టు. చెయ్యి తన దారిన తను పోతోంది. బ్రేకు ఎప్పుడు పడుతుందా అని ఒళ్ళంతా చెవులు చేసుకుని కాచుకుని ఉంది. ఇంకా పడలేదు. నాడా అయిపోయింది, దారం కొరికింది. ఇంకా పడలేదు. యార్డు ఇంత దూరమా అనుకుంది.

కిటికీ మీద ఎవరో తట్టారు. సూదక్క ఉలిక్కిపడి చూసింది. కింద, కంకర రాళ్ళ మీద, ఆయన నిలబడి తలెత్తి చూస్తున్నాడు.

ఆమె తోలుపట్టీ లాగి కిటికీ దించింది.

"దిగవా?" అన్నాడు ఆయన.

"బండి ఆగనీండి."

"ఎప్పుడో ఆగింది."